వరంగల్ పాత నీటి గొట్టాలు: ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో నల్లా నీళ్లు మోసే గొట్టాలు ఒకే కాలంలో వేసినవి కావు, ఒకే సరుకుతో చేసినవీ కావు. 1899లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. 1994లో అది నగరపాలక సంస్థ అయింది. తర్వాత చుట్టుపక్కల 42 గ్రామాలు కలిశాయి, 2015లో గ్రేటర్ వరంగల్ అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చూసినా ఈ విలీన గ్రామాలతో కలిపి 8 లక్షల పైచిలుకు జనం. ఊరు పెరిగినప్పుడల్లా పాత లైనుకు కొత్త లైను తగిలిస్తూ వచ్చారు. దశాబ్దాల నాటి గొట్టంలోంచి వచ్చిన నీరే నిన్నమొన్న వేసిన గొట్టంలోకి వెళ్లే చోట్లున్నాయి.

నేల కింద ఉన్న ఈ గొట్టాల్లో ఏది ఇంకా పనికొస్తుంది, ఏది రేపోమాపో పగులుతుంది, ఏది పైకి బాగానే కనిపిస్తూ మురికినీటికి దారి ఇస్తోంది అని తేల్చే పనిని పైపులైన్ల స్థితి అంచనా అంటారు. తవ్వకానికి ముందు జరగాల్సిన పని ఇది. ఇది చేయకుండా గొట్టాలు మారిస్తే మంచివి పీకేసి చెడ్డవి మిగిల్చే ప్రమాదం ఉంది. ఖర్చు మాత్రం రెంటికీ ఒకటే.

నీరు నడిచే దారి

వరంగల్ పక్కన పెద్ద నది లేదు. గోదావరి నీరు శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీదుగా కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యామ్‌కు చేరి, అక్కడి నుంచి అదే కాలువలో వరంగల్ వైపు వస్తుంది. దేవాదుల ఎత్తిపోతల పథకం కూడా గోదావరి నీటినే ధర్మసాగర్ చెరువుకు తెస్తుంది. కాలువ ఆగిన రోజుల్లో నగరాన్ని ఆదుకునేవి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు. వీటిని వేసవి నిల్వ చెరువులుగా వాడుకుంటున్నారు. కాకతీయుల కాలం నాటి భద్రకాళి చెరువును పూడిక తీయడానికి 2024 నవంబరులో ఖాళీ చేశారు. దేశాయిపేట, వడ్డేపల్లి వంటి చోట్ల ఉన్న ఫిల్టర్ బెడ్లలో నీటిని శుద్ధి చేస్తారు.

అక్కడి నుంచి ఇంటి నల్లా దాకా నాలుగు అంచెలు. చెరువు నుంచి ఫిల్టర్ బెడ్‌కు ముడినీటి లైను, ఫిల్టర్ బెడ్ నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు శుద్ధినీటి లైను, ట్యాంకు నుంచి గల్లీలకు పంపిణీ లైను, గల్లీ లైను నుంచి ఇంటికి కనెక్షన్. మొదటి రెండింటిలో పెద్ద గొట్టాలుంటాయి. వాటి పొడవు తక్కువే అయినా, ఒకటి పగిలితే నగరంలో సగం బస్తీలకు నీళ్లుండవు. చివరి రెండింటిలో చిన్న గొట్టాలుంటాయి. ఒకటి పగిలితే ఒక గల్లీకే ఇబ్బంది, కానీ అవి నగరమంతా అల్లుకుని ఉంటాయి. అందువల్ల ఈ రెండు రకాల లైన్లను ఒకే పద్ధతిలో పరీక్షించడం కుదరదు.

గొట్టం పాడయ్యే తీరు

తెలుగు పట్టణాల్లో నేల కింద కనిపించే గొట్టాలు ప్రధానంగా ఆరు రకాలు: పాతకాలపు పోత ఇనుము గొట్టాలు, ఏసీ పైపులు, పెద్ద లైన్లకు వాడిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు పైపులు, ఇళ్ల కనెక్షన్లకు వాడిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపులు, ఇటీవలి డీఐ (సాగే గుణమున్న పోత ఇనుము) పైపులు, హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపులు. ఒక్కొక్కటి ఒక్కో తీరుగా పాడవుతుంది.

పాత పోత ఇనుము గొట్టాల లోపల సిమెంటు పూత ఉండదు. నీటిలోని ఆక్సిజన్ తగిలి గోడల మీద తుప్పు బొడిపెలు కడుతుంది, నీరు పోయే దారి ఇరుకవుతుంది. 100 మిల్లీమీటర్ల గొట్టంలో దారి 80 మిల్లీమీటర్లకు తగ్గితే, అదే ఒత్తిడిలో మునుపు వచ్చిన నీటిలో 56 శాతమే వస్తుంది. గల్లీ చివరి ఇంటికి నీరందకపోతే అందరూ లీకేజీ అనుకుంటారు, చాలాసార్లు అసలు కారణం ఈ బొడిపెలే. బయటి వైపున మట్టిలోని తేమ, లవణాలు ఇనుమును కరిగించి నల్లటి గ్రాఫైటును మిగులుస్తాయి. అలాంటి గొట్టాన్ని తవ్వి తీస్తే ఆకారం చెక్కుచెదరదు. చాకుమొనతో గీరితే మాత్రం పెన్సిల్ మొనలా నల్లటి పొడి రాలుతుంది. లోహంలో ఉండాల్సిన బలం అప్పటికే పోయి ఉంటుంది.

ఏసీ పైపు అంటే ఆస్‌బెస్టాస్ నారను సిమెంటుతో కలిపి చేసినది. తుప్పు పట్టదు, చవక. అందుకే ఒకప్పుడు దేశంలోని పట్టణాల్లో విరివిగా వేశారు. లవణాలు తక్కువగా ఉన్న నీరు, ఆమ్ల గుణమున్న మట్టి దీని సిమెంటులోని సున్నాన్ని కొద్దికొద్దిగా లాగేస్తాయి. గోడ మెత్తబడుతుంది. ఆ తర్వాత పైన బరువు లారీ వెళ్లినా, పక్కన వేరే పని కోసం జేసీబీ తవ్వినా అడ్డంగా విరుగుతుంది.

ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు పైపుకు బలం దాని చుట్టూ బిగించిన ఉక్కు తీగలది. తీగలు తుప్పు పట్టి ఒక్కొక్కటిగా తెగుతున్నా బయటికి చుక్క కారదు. ఒకనాడు గొట్టం మొత్తంగా పేలిపోతుంది. 2008 డిసెంబరు 23న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలో 66 అంగుళాల కాంక్రీటు గొట్టం ఇలాగే పగిలి రోడ్డు ఏరైంది. కార్లలో చిక్కుకున్నవాళ్లను పడవలతో, హెలికాప్టర్‌తో బయటికి తీశారు. హైదరాబాద్‌కు మంజీరా నీళ్లు తెచ్చే రెండో దశ లైనులోనూ 1500 మిల్లీమీటర్ల ఇలాంటి గొట్టాలే వాడారు. వాటి లీకేజీల మరమ్మతు కోసం సరఫరా ఆపాల్సి రావడం నగరవాసులకు తెలిసిన సంగతే.

గొట్టం కన్నా ముందు పాడయ్యేది తరచుగా జాయింటు. పాత ఇనుప లైన్లలో సీసం పోసి బిగించిన అతుకు వదులవుతుంది, ఏసీ లైన్లలో రబ్బరు రింగు ఎండిపోతుంది. సంఖ్యలో చూస్తే ఎక్కువ లీకేజీలు ఇళ్ల కనెక్షన్ల దగ్గరే ఉంటాయి. గల్లీ లైనుకు రంధ్రం చేసి ఫెర్రుల్ బిగించిన చోట, జీఐ పైపు మోరీని దాటే చోట తుప్పు ముందుగా తింటుంది.

వరంగల్ నేల కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. ఏకశిలా నగరమని పేరున్న ఈ ఊళ్లో పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట చుట్టూ కొద్దిగా తవ్వగానే రాయి తగులుతుంది. అలాంటి చోట కింద ఇసుక పరుపు వేయకుండా గొట్టం దించితే, రాతి మొన ఆనిన చోటే బరువంతా పడుతుంది, ఏళ్ల తర్వాత పగులు అక్కడే మొదలవుతుంది. చెరువు శిఖం భూముల్లోని నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంగి జాయింట్లను లాగుతుంది. కరెంటు పోయి పంపు ఉన్నపళంగా ఆగినా గొట్టానికి దెబ్బే. సెకనుకు ఒక మీటరు వేగంతో వెళ్లే నీరు ఒక్కసారిగా ఆగితే, పెద్ద ఇనుప లైనులో సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి బరువంత అదనపు ఒత్తిడి పుట్టవచ్చు. ముసలి గొట్టం ఆ దెబ్బ ఎన్నోసార్లు తట్టుకోలేదు.

నల్లా రాని గంటల్లో పొంచి ఉన్న ముప్పు

పాత గొట్టం వల్ల నీరు వృథా కావడం ఒక నష్టమైతే, జబ్బులు రావడం అంతకన్నా పెద్ద నష్టం. మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు. నల్లా వచ్చే గంటలో గొట్టం నిండా ఒత్తిడి ఉంటుంది, పగులు నుంచి నీరు బయటికి పోతుంది. నల్లా ఆగగానే గొట్టం ఖాళీ అవుతుంది, లోపల శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు అదే పగులు చుట్టూ ఉన్న మురికిని లోపలికి గుంజుకుంటుంది. కొందరు నల్లాకే నేరుగా మోటారు బిగిస్తారు, ఆ గుంజుడు ఇంకా పెరుగుతుంది. మరుసటి విడతలో మొదట వచ్చే నీటితో ఆ మురికి ఇళ్లలోకి చేరుతుంది.

వరంగల్‌లో ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే ఆధారం. మల వ్యర్థాల నిర్వహణకు 2016లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చిన నగరం ఇది. ఇంటి పక్కన సెప్టిక్ ట్యాంకు, వాకిట్లో మోరీ, ఆ మోరీలోంచో పక్కనుంచో నల్లా పైపు వెళ్లే బస్తీల్లో చిన్న పగులు కూడా పెద్ద ప్రమాదమే. 2023 జులై చివర కుండపోత వానలకు లోతట్టు కాలనీలు మునిగి, భద్రకాళి చెరువు కట్ట తెగింది. వరదనీరు రోజుల తరబడి నిలిచిన గల్లీల్లో గొట్టాలు మురుగులోనే మునిగి ఉంటాయి కాబట్టి, అలాంటి గల్లీలను పరీక్షల్లో ముందు వరుసలో పెట్టాలి.

తాగునీటిలో మురుగు కలిస్తే ఏమవుతుందో తెలుగు నేల ఇప్పటికే చూసింది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో కలుషిత నీరు తాగి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు.

మొదటి మెట్టు: కాగితాలు, మనుషుల జ్ఞాపకం

స్థితి అంచనా పార, గునపంతో మొదలుకాదు. ముందు ప్రతి లైనుకూ ఒక జాతకం రాయాలి: ఏ సంవత్సరం వేశారు, ఏ సరుకు, ఎంత వ్యాసం, ఎంత లోతు, కింద రాయా మట్టా, పక్కన మోరీ ఉందా, ఇప్పటిదాకా ఎన్నిసార్లు పగిలింది. పాత పటాల్లో లేని సంగతులు వాల్వులు తిప్పే లైన్‌మెన్‌కు తెలిసి ఉంటాయి. ఏ వాల్వు తిరగదో, ఏ మూలమలుపులో రోడ్డు ఎప్పుడూ తడిగా ఉంటుందో వాళ్లకే ఎరుక. వాళ్లు పదవీ విరమణ చేయకముందే ఆ తెలివిడిని జీఐఎస్ పటం మీదికి ఎక్కించాలి.

ఈ లెక్కల్లో అన్నిటికన్నా విలువైనది పగుళ్ల రిజిస్టరు. కిలోమీటరుకు ఏడాదికి ఎన్ని పగుళ్లన్నది గొట్టం ఆరోగ్యానికి మంచి కొలమానం. ఒక లైనులో ఆ అంకె ఏటేటా పెరుగుతుంటే అక్కడ మరమ్మతుల కాలం ముగిసిందని గుర్తించాలి. మరమ్మతు చేసిన ప్రతిసారీ తేదీ, చోటు, పగులు నిలువుదా అడ్డుదా, తుప్పు రంధ్రమా జాయింటు లీకా అని రాసి ఫొటో తీసి పెడితే, ఐదేళ్లలో నగరానికి వెలకట్టలేని సమాచారం చేతికొస్తుంది. దీనికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

రెండో మెట్టు: నీటి లెక్క, ఒత్తిడి లెక్క

ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఎంత నీరు వదిలారు, దాని కింది ఇళ్లకు ఎంత చేరింది అన్నదే నీటి ఆడిట్. ఈ రెండింటి తేడాలో లీకేజీ, దొంగ కనెక్షన్లు, మీటర్ల తప్పులు అన్నీ ఉంటాయి. లెక్కకు రాని నీరు 20 శాతం లోపు ఉండాలని 2021 అక్టోబరు 1న మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ పథకం రెండో దశ లక్ష్యం పెట్టుకుంది. ఈ ఆడిట్ మొత్తం నగరానికి ఒక్కసారి చేస్తే ఉపయోగం తక్కువ. ఒక్కో ట్యాంకు పరిధిని విడి జోనుగా చేసి, మొదట్లో ఒక మీటరు పెడితేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

జోనులో లీకేజీని పట్టడానికి రాత్రి పరీక్ష చేస్తారు. జనం నీరు వాడని వేళ, అర్ధరాత్రి దాటాక, లైను నిండా నీరుంచి మీటరు చూస్తారు. వాడకం లేనప్పుడు కూడా ముల్లు తిరుగుతోందంటే ఆ నీరు నేలపాలవుతున్నట్టే. అప్పుడు ఒక్కో గల్లీ వాల్వు మూసుకుంటూ వస్తారు. ఏ వాల్వు మూయగానే ముల్లు ఒక్కసారి పడిపోయిందో లీకేజీ ఆ గల్లీలో ఉన్నట్టు. సరఫరా గంటల లెక్కన ఉండే వరంగల్ లాంటి ఊళ్లలో ఈ పరీక్ష కోసమే ఒక రాత్రి లైనుకు నీళ్లు వదలాల్సి ఉంటుంది.

చిన్న రంధ్రాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 20 మీటర్ల ఒత్తిడి ఉన్న లైనులో 6 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి నిమిషానికి సుమారు 20 లీటర్లు పోతాయి. పగలూ రాత్రీ నిండుగా నడిచే పెద్ద లైనులో అది రోజుకు 29 వేల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న జాతీయ ప్రమాణంతో చూస్తే 200 మందికి పైగా సరిపోయే నీరు.

ఒత్తిడి లెక్క గొట్టం లోపలి స్థితిని చెబుతుంది. రెండు చోట్ల ప్రెషర్ గేజీలు పెట్టి, మధ్యలో ప్రవాహాన్ని కొలిచి, గోడల గరుకుదనాన్ని లెక్కగడతారు. ఇంజనీర్లు దీన్ని 'సి' విలువ అంటారు. కొత్త ఇనుప గొట్టానికి అది 130 దాకా ఉంటుంది. అది 80కి పడిపోయిన లైనులో అంతే నీరు పంపాలంటే రాపిడి వల్ల పోయే ఒత్తిడి దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. ఆ భారం పంపుల కరెంటు బిల్లు మీద పడుతుంది.

నాణ్యత పరీక్ష కూడా ఇందులో భాగమే. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది భారత ప్రమాణం. ట్యాంకు దగ్గర సరిగా ఉన్న క్లోరిన్ ఒక గల్లీ చివర మాయమైతే, దారిలో ఏదో మురికి దాన్ని తినేసిందని అర్థం. నల్లా వచ్చిన తొలి నిమిషాల్లో ఒకటి, పావుగంట తర్వాత ఒకటి నమూనా తీసి పోల్చితే, శూన్యం వేళ మురికి చొరబడిందో లేదో తేలుతుంది.

మూడో మెట్టు: చెవితో, కంటితో, కోతతో

ఒత్తిడి మీద నీరు పగులులోంచి దూసుకొచ్చేటప్పుడు సన్నని బుస్సు శబ్దం వస్తుంది. లీకేజీ పట్టేవాళ్లు ఇనుప కడ్డీ ఒక కొసను వాల్వు మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వింటారు. రోడ్డు మీద పెట్టి వినే మైకులూ ఉన్నాయి. రెండు వాల్వుల మీద రెండు సెన్సర్లు పెట్టి, శబ్దం ఏ వైపుకు ఎంత ముందుగా చేరిందో లెక్కగట్టి పగులు చోటును చెప్పే యంత్రం కొరిలేటర్. ఇనుప గొట్టంలో శబ్దం దూరం వినిపిస్తుంది, ప్లాస్టిక్ గొట్టంలో త్వరగా అణగిపోతుంది. అందుకే హెచ్‌డీపీఈ లైన్లలో సెన్సర్లను దగ్గర దగ్గరగా పెట్టాలి.

నీరు ఆపడానికి వీల్లేని పెద్ద లైన్లలోకి నీటితో పాటే దొర్లుకుంటూ వెళ్లి లీకేజీ చప్పుడును రికార్డు చేసే బంతిలాంటి పరికరాలను, తీగకు కట్టిన కెమెరాలను పంపుతారు. ఉక్కు గొట్టం గోడ మందాన్ని బయటి నుంచే అల్ట్రాసోనిక్ మీటరుతో కొలవవచ్చు. కాంక్రీటు గొట్టాల్లో తెగిన తీగలను విద్యుదయస్కాంత పద్ధతితో లెక్కపెట్టవచ్చు.

చివరి మాట మాత్రం కోసి తీసిన ముక్కదే. లీకేజీ మరమ్మతు చేసినప్పుడు తీసేసిన ముక్కను చెత్తలో పారేయకుండా పరీక్షకు పంపాలి. పోత ఇనుమైతే ఇసుకను బలంగా చిమ్మి గ్రాఫైటు, తుప్పు రాల్చాక మిగిలిన మందాన్ని కొలుస్తారు. ఏసీ పైపైతే కోసిన అంచు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. సున్నం ఉన్న గట్టి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, సున్నం పోయి మెత్తబడిన భాగం రంగు మారదు. గోడలో గులాబీ పట్టీ ఎంత మందం మిగిలిందో స్కేలుతో కొలవవచ్చు. ఇంటర్ ప్రయోగశాలలో దొరికే ద్రావణంతో గొట్టానికి ఎంత బలం మిగిలిందో తెలుస్తుంది. ఏసీ పైపును కోసేటప్పుడు మాత్రం నీళ్లు చల్లుతూ తడిగా కోయాలి, పనివాళ్లకు సరైన మాస్కు ఇవ్వాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

ముందు ఏ లైను?

తాగునీటి లైన్లను 30 ఏళ్ల అవసరాలకు సరిపడేలా రూపొందించాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ మాన్యువల్ చెబుతుంది. అది ప్రణాళిక కోసం వేసుకున్న గడువు, గొట్టం ఆయుష్షు కాదు. ఫ్రాన్సులో వెర్సాయి రాజభవనం తోటల కోసం 17వ శతాబ్దంలో వేసిన పోత ఇనుము గొట్టాలు 300 ఏళ్లకు పైగా నీరు మోశాయి. సరిగా పరచని కొత్త గొట్టం పదేళ్లకే లీకవుతుంది. వయసు చూసి మార్చడం తప్పు, స్థితి చూసి మార్చాలి.

స్థితికి తోడు పర్యవసానాన్నీ చూడాలి. ఒక గొట్టం పగిలే అవకాశం ఎంత, పగిలితే నష్టం ఎంత అన్న రెండింటికీ మార్కులు వేసి గుణిస్తే ప్రాధాన్యం తేలుతుంది. ఫిల్టర్ బెడ్ నుంచి వచ్చే ఒకే ఒక పెద్ద లైను కాస్త బాగానే ఉన్నా, దానికి మారు దారి లేకపోతే ముందు వరుసలో నిలుస్తుంది. ఆసుపత్రికి నీరిచ్చే లైనుకు, మోరీలోంచి వెళ్లే కనెక్షన్లున్న గల్లీకి మార్కులు ఎక్కువ పడాలి. ఖాళీ స్థలం మీదుగా వెళ్లే లైను ఇంకొంత కాలం ఆగవచ్చు.

ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుంది. తుప్పు బొడిపెలే సమస్యయితే, గోడ గట్టిగా ఉంటే, లోపల గీకి శుభ్రం చేసి సిమెంటు పూత వేస్తే సరిపోతుంది. జాయింట్లే వదులైతే వాటిని బిగించాలి. రోడ్డు తవ్వలేని చోట పాత గొట్టంలోపలే హెచ్‌డీపీఈ గొట్టాన్ని దూర్చవచ్చు. మెత్తబడిన ఏసీ లైనును పూర్తిగా మార్చాల్సిందే. మోరీ దాటే ఇంటి కనెక్షన్లను పైకి లేపడం, కేసింగ్ పైపులో పెట్టడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు కాపాడే పని. గొట్టం నిత్యం ఒత్తిడిలో ఉంటే మురికి లోపలికి రాదు కనుక, రోజంతా సరఫరా వైపు నడవడమే శాశ్వత పరిష్కారం. ఒడిశాలోని పూరీ 2021లో ఆ దారి పట్టి, నల్లా నీటిని నేరుగా తాగవచ్చని ప్రకటించింది.

పరీక్షలకు అయ్యే ఖర్చు గొట్టాలు మార్చే ఖర్చులో చిన్న భాగమే. ఎన్‌ఐటీ వంటి విద్యాసంస్థ ఊళ్లోనే ఉన్న వరంగల్‌కు నిపుణుల కొరత లేదు. ఓరుగల్లు వాసులు చేయగలిగిందీ ఉంది: రోడ్డు మీద తడి కనిపిస్తే ఫిర్యాదు చేయాలి, నల్లాకు నేరుగా మోటారు బిగించకూడదు, మోరీలో మునిగిన పైపును మార్పించుకోవాలి, రంగు మారిన తొలి నీటిని తాగకూడదు. నగరపాలక సంస్థ పగుళ్ల రిజిస్టరును ప్రతి డివిజన్‌లో నిజాయితీగా రాయించి, ఏటా జనం ముందు పెట్టాలి. ఎక్కడ తవ్వాలో ఆ రిజిస్టరే చెబుతుంది.